నిలబడిన కారు

అన్నా,

నువ్వు పోయి ఈపొద్దుకు ఏడాది. నువ్వు పెరట్లో ఎండలో నిలిపిపోయిన కారును ఆడ్నించి ఎవ్వరూ కదిలించొద్దని చెప్పి, నేను నందికొట్కూరుకు పోతి. అమ్మను కంటి ఆపరేషనుకు కర్నూలుకు పిల్చకపోవాలని నిన్న ఇంటికొచ్చినా. బాయిలో నీళ్లు తోడే కపిల తోలుకు పూసినట్ల టైర్లకు పూద్దామని ఆముదం గిన్నె తీసుకున్యా. వదిన వాకిట్లోనే గిన్నె లాక్కునింది.

"అది తోలు కాదప్పా, రబ్బరు. నూనెకు చెడిపోతాది. నిలబడిన బండికి గాలి దిగతాది, బరువంతా ఒకే చోట పడతాది, కాలే నేల మింద ఆడనే పగులుతాది. మీ అన్న నీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదన్నా. వదినకు చెప్పినావు. అందుకే నా మాట పక్కనపెట్టి, సంతరోజు వచ్చినప్పుడల్లా గాలి కొట్టించి, ఎద్దుల్ని కట్టించి, కారును మూరెడు ముందుకు లాగిస్తాందంట. బయటికొచ్చి చూస్తి. నీ కారు పెరడంతా దాటి వేపచెట్టు నీడకు చేరిండాది.

ఈపొద్దు కొత్త బ్యాటరీ ఏయించి, ఆ టైర్ల మిందనే కర్నూలుకు వచ్చినాం. రోడ్డు పెనం మాదిరి కాల్తాన్నా ఒక్కటీ పగల్లేదు. దోవలో నేను తోల్తాంటే అమ్మ, "పెద్దోడు తోల్తాన్నట్లే ఉండాది" అనింది.

"ఔనమ్మా" అంటి.