ట్యూబు పట్టుకెళ్ళిన అల్లుడు గారికి

అల్లుడు గారికి మామగారి ఆశీస్సులు.

కొండ సైకిలు పందెంలో మీకు మూడో స్థానం వచ్చిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. అమ్మాయి మంచం మీద నుంచే సంతోషించింది.

నా కాలంలో సైకిలుకి బ్రేకులు పడకపోతే చక్రానికి చెప్పు అడ్డం పెట్టి ఆపేవాళ్ళం. చెప్పులరిగినప్పుడల్లా మా నాన్న చేత తిట్లు తినేవాణ్ణి. సరే, అది వేరే కథ.

అడవిలో కొండ నెత్తిన, అదే పందెంలో మీ వెనకే వస్తున్న మన అమ్మాయి పడి మోకాలు విరిగింది. అప్పుడే మీ టైరు పంచరైందట. "నీ సైకిలు ఎలాగూ కదలదు కదా" అని దాని ట్యూబు ఊడదీసి మీ చక్రానికి వేసుకుని వెళ్ళిపోయారట. కింద ఎవరికీ చెప్పనైనా లేదు. పొద్దువాలాక అటు నడిచి వచ్చినవాళ్ళెవరో దుప్పట్లో మోసుకుని దించారు. ఆ మోకాలిక వంగదన్నాడు డాక్టరు.

"ఆ మహానుభావుడి దగ్గరికే మళ్ళీ పోతావా తల్లీ?" అని కేకలేశాను.

"ఆగితే ఆయన ఓడిపోయేవారు నాన్నా. ఆ మాత్రం తెలీదా నీకు?" అని నా మీదే ఎగిరింది. పెట్టె కూడా సర్దేసుకుంది.

మీ ఉత్తరంలో ముందు సైకిలునీ, తరవాత అమ్మాయినీ పంపమన్నారు. ఆ వరసలోనే పంపుతున్నాను. సైకిలు పార్సెల్లో వేశాను. అమ్మాయి సోమవారం రైలుకి వస్తుంది.

రైలు పెట్టె మెట్లు దిగడానికి దానికి కాస్త ఆలస్యమవుతుంది. చేయి అందించమని అడగను. అది దిగేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడండి, చాలు.

ఇట్లు,
మీ మామ