కొత్త సీడీ చప్పుడు

2006 జూలై, శుక్రవారం

నిన్న మా ఆయన ఖమ్మం నుంచి తుపాకుల ఆట కొత్త సీడీ తెచ్చారు. పాత ఆటే. అవే గదులు, అవే రాక్షసులు. కొత్త కంప్యూటర్లలో నడిచేలా కంపెనీ మళ్లీ విడుదల చేసిందట. చప్పుడు మాత్రం అచ్చం నిజం తుపాకీదే.

పొద్దున అడవి పల్లె నుంచి వచ్చి చీపుర్లు అమ్మే ముత్తమ్మ మా కంప్యూటర్ షాపు మెట్ల మీద నాతో మాట్లాడుతోంది. లోపల కాలేజీ పిల్లలు ఆట మొదలుపెట్టారు. ఆమె చటుక్కున నన్ను కిందికి లాగి, నా మీద పడింది.

"లేవకు బిడ్డా, కాలుస్తుండ్రు!"

"ఉత్త ఆట ముత్తమ్మా" అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆమె గుండె దడ నా వీపుకు తెలిసేసరికి సిగ్గేసింది. ఆమె లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను. "సౌండ్ తీసేయండి."

"సౌండ్ కోసమే గదనే వస్తుండ్రు. అది లేకుంటే ఎవడొస్తడు?"

"రాకపోతే రాకపోనీయండి."

ఆయన స్పీకర్ల వైర్లు పీకేశారు. "ఎన్ని రోజులో చూద్దాం" అన్నారు.

ముత్తమ్మ మళ్లీ వస్తే ఇక చప్పుడు ఉండదని చెప్పాలి. నిజం తుపాకీ చప్పుడు ఆమె ఎక్కడ విన్నదో అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.