పల్లెత్తు మాట

మా అమ్మమ్మ నోరు మూయించారు మీరు. బతికున్నన్నాళ్లూ ఎవరి తరమూ కాని పని, ఆవిడ పోయాక ఒక్క బోర్డుతో చేసేశారు.

ఆవిడ జీవితమంతా నర్సుగా చేసింది మీ ఆసుపత్రిలోనే. పెద్ద వార్డు పక్కన విశ్రాంతి గదికి ఆవిడ పేరు పెట్టారని తెలిసి నిన్న చూడ్డానికి వచ్చాను. పేరు వరకు బాగుంది. కింద ఏం రాయించారు? "మృదుభాషిణి. ఎవరినీ పల్లెత్తు మాట అనని శాంతమూర్తి." పైన ఫోటోలో నవ్వు. ఆ నవ్వు ఆవిడది కాదు, ఎవరో దిద్దారు. పక్కనే "నిశ్శబ్దం పాటించండి" అని ఇంకో బోర్డు.

మా అమ్మమ్మ వార్డులో గొంతెత్తితే గేటు బయట ఆటోలు వరసలోకి సర్దుకునేవి. మాత్ర మింగకుండా దిండు కింద దాచిన ముసలాయన్ని "చచ్చి నన్ను సాధిద్దామనుకున్నావా" అని దులిపేసింది. ఇంట్లోనూ అంతే. గడప దాటినవాళ్లు ముందు నాలుక చాపి చూపించాలి. మా నాన్న ఇల్లరికపుటల్లుడు. ఆయన అలిగితే థర్మామీటరు పెట్టేది. జ్వరం లేకపోతే ఆ అలక చెల్లదు.

ఆవిడ తిట్టింది. అందరినీ తిట్టింది. కాగితం మీద రాసి మరీ చెబుతున్నాను. చర్య తీసుకోండి.

ఇట్లు,
వెల్డింగు షాపులో పనిచేసే మనవరాలు

తా.క. మృదుభాషిణి అంటే అర్థం మా అమ్మకి చెప్పాను. అంతా విని, "ఇంతకీ ఎవరావిడ?" అంది.

*

గౌరవనీయులైన ఫిర్యాదీ గారికి,

ఫిర్యాదుల విభాగం గుమాస్తా నమస్కరించి వ్రాయునది.

సదరు నర్సు రోగులను, వృద్ధులను, చివరికి సొంత అల్లుడిని సైతం దూషించినట్టు మీరు పంపిన ఫిర్యాదు అందినది. ఇంత బాధను ఇన్నాళ్లు కడుపులో దాచుకున్నందుకు చింతిస్తున్నాము. ఆమె కాలం చేసినందున సంజాయిషీ కోరే వీలు లేదు. అంతమాత్రాన విచారణ ఆగదు. బాధితుడైన అల్లుడు గారు వచ్చే గురువారం స్వయంగా హాజరు కావలెను.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. అలక చెల్లకపోవుట మా విభాగం పరిధిలోకి రాదు.

*

గుమాస్తా గారూ,

చదవడం వచ్చా మీకు? నేను బడి మధ్యలోనే మానేసి, షాపులో సామాను చుట్టొచ్చిన పాత పేపర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. నాకే మీకన్నా బాగా అర్థమయ్యేలా ఉంది. ఆవిడ తిట్టడం తప్పని నేనన్నానా? తిట్టలేదని మీరు రాయడం తప్పన్నాను.

ఆ దిండు ముసలాయన్ని తిట్టిన రోజు డ్యూటీ దిగినా అమ్మమ్మ ఇంటికి రాలేదు. ఆయనకి నిద్రపట్టేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పట్టుకున్నంతసేపూ తిడుతూనే ఉందట. తిట్టు తీసేస్తే ఆ చెయ్యి ఎవరిదో ఎలా తెలుస్తుంది?

మా చెల్లికి నెలలు నిండాయి. కాన్పు మీ దగ్గరే. పుట్టబోయే బిడ్డకి మా అమ్మమ్మ ఇక గోడ మీదే కనపడాలి. ఆ గోడ మీద మీరు వేరే మనిషిని పెట్టారు. నా కోపం అందుకు. విచారణ ఆపి, బోర్డు మార్చండి.

ఇట్లు,
అదే మనవరాలు

తా.క. మా నాన్న అప్పుడే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన్ని బాధితుడని గుర్తించినవాళ్లు మీరే మొదలు.

*

గౌరవనీయులైన ఫిర్యాదీ గారికి,

మీ రెండవ ఉత్తరం చేరేసరికే నోటీసు గోడకెక్కింది. గోడకెక్కినదాన్ని దించే అధికారం నాకు లేదు. "సదరు నర్సు చేత తిట్లు తిన్నవారు గురువారం వచ్చి చెప్పుకోవచ్చును" అని మాత్రమే రాశాము.

గురువారం వరస గేటు దాటి రోడ్డెక్కింది. ముందు నిలబడ్డ దర్జీ, తనని మొద్దు అన్నదని చెప్పాడు. వెనకాయన "అంతేనా" అని తీసిపారేసి, తనని మొద్దుతోపాటు మొండి అని కూడా అన్నదని గొప్పగా చెప్పుకున్నాడు. ఎవరికి ఎక్కువ పడ్డాయనే దానిమీద ఇద్దరూ చొక్కాలు పట్టుకోబోయారు. కూరలమ్మే ఆవిడ తన కాన్పునాడు భర్తకి పడిన తిట్లు పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆ రోజు నుంచే ఆయన తాగుడు మానేశాడట. మా పెద్ద డాక్టరు గారు కూడా వరసలోనే నిలబడ్డారు. కొత్తలో ఆయన తిండి మానేసి వార్డులు తిరుగుతుంటే ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "నువ్వు పడిపోతే నిన్ను మోసేదెవరు? తిను" అన్నదట. బోర్డు మీద మాటలు ఎవరివని అడిగితే తలదించుకున్నారు.

చివర్న మీ నాన్నగారు. నోరు విప్పి చెప్పమన్నాను. నాలుక చాపారు. అలవాటట. అదే ఆయన వాంగ్మూలంగా నమోదు చేసుకున్నాము.

తీర్పు: ఆరోపణ సంపూర్ణంగా రుజువైనది. ఇంత నోరున్న మనిషి విశ్రాంతి గదికి తగదు. శిక్షగా ఆమె పేరును అక్కడి నుంచి తొలగించి ఇంజెక్షన్ల గదికి బదిలీ చేయడమైనది.

భవదీయుడు,
గుమాస్తా

తా.క. తీర్పు చదువుతుండగా నాకు పొలమారింది. వరసంతా ఒక్క గొంతుతో "నీళ్లు తాగవయ్యా" అని కసిరింది.

*

గుమాస్తా గారూ, ఆవిడకి మళ్లీ అన్యాయం చేశారని రాయబోయి ఆగాను. ముందు ఇంజెక్షన్ల గది చూద్దామని వచ్చాను. లోపల పిల్లల ఏడుపులు, తల్లుల బుజ్జగింపులు, సిస్టర్ల కేకలు. ఎవరి మాట ఎవరికీ వినపడదు. అమ్మమ్మ ఉండాల్సిన చోటు ఇదే. తీర్పు ఒప్పుకుంటున్నాను.

నిన్న పొద్దున చెల్లికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఒక్క కేక పెట్టింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆటోలు వరసలోకి సర్దుకున్నాయి.

అసలు ఫోటో ఇస్తున్నాను. చేతిలో థర్మామీటరు, మొహంలో నవ్వు లేదు. ఫ్రేము నేనే వెల్డింగు చేశాను, ఊడిరాదు. కింద పొగడ్తలొద్దు. పేరు, దాని కింద "నాలుక చాపు" అని రాయించండి, చాలు. సోమవారం చెల్లిని ఇంటికి పంపుతారు. ఆలోగా గోడ మీద ఉండాలి.

ఇట్లు,
పెద్దమ్మ (కొత్తగా)

తా.క. ఆదివారం సాయంత్రంలోగా జవాబు ఇవ్వండి. లేదంటే బాధితుణ్ణి మళ్లీ పంపుతాను. ఆయన చొక్కా ఇంకా విప్పలేదు.