నీళ్ళు లేని చోటు

జగ్గయ్యపేట దగ్గర, మా కాలనీ
జూన్ 9

నా మంచీ చెడ్డా నాకంటే ముందే పసిగట్టే ప్రేమానందానికి, ప్రభువు పేరిట వందనాలతో జీవరత్నం రాసేది.

నీ చెవులు పోయాక ఫోను దండగైంది. అయినా ఇది అరిచి చెప్పే సంగతి కాదు. చదివి నవ్వకు. నవ్వినా ఈసారి నేను తిరిగి ఏమీ అనలేను.

నలభై ఏళ్ళుగా మనిద్దరికీ ఒకటే తగువు కదరా. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడుస్తాను, కాయ లేచి నిలబడ్డ చోట బోరు వెయ్యమంటాను. "ఎక్కడ తవ్వినా ఏదో ఒక లోతున నీళ్ళు పడతాయి, నీ గొప్పేముంది?" అని నువ్వు బడిపిల్లల ముందే ఎగతాళి చేసేవాడివి. చర్చి పక్కన మా కాలనీ బోరుకు పాయింట్ పెట్టింది నేనే. నూట ఎనభై అడుగులకే నీళ్ళు ఎగజిమ్మితే, నవ్విన నాపచేనే పండిందని నందిగామ బస్సు డ్రైవరు చేత నీకు కబురంపాను. పదేళ్ళకు పైగా తియ్యటి నీళ్ళు తాగాం.

ఇప్పుడా నీళ్ళు బిందెలో పట్టిన పూటకే పసుపెక్కుతున్నాయి. మందుల షాపులో వచ్చే వాసన. కుళాయి కింద పెరిగిన కరివేపాకు చెట్టు మోడైంది. చూడి మేకలు నెలలు నిండకుండానే చచ్చిన పిల్లల్ని ఈనుతున్నాయి. మా అబ్బాయి మోజెస్ భార్య గ్రేసీకి సంక్రాంతి వెళ్ళిన వారంలో ఏడో నెల బిడ్డ కడుపులోనే పోయింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఏం నీళ్ళు తాగుతున్నారు?" అని. గ్రేసీ నా వంక చూసి, "మా మావయ్య చూపించిన నీళ్ళేనండి, మంచియ్యే" అంది. గర్వంగా అన్నదిరా ఆ పిల్ల.

ఇక ఎవరికీ చెప్పనిది చెబుతాను. ఆరేళ్ళ క్రితం, మాకు మైలు దూరాన ఎగువనున్న కెమికల్ ఫ్యాక్టరీ మేనేజరు కారేసుకుని మా ఇంటికొచ్చాడు. బతుకంతా నన్ను నీళ్ళున్న చోటు చూపించమని అడిగినవాళ్ళే. నీళ్ళు లేని చోటు అడిగింది అతనొక్కడే. వాళ్ళ గోడ వెంట నడిచాను, ఒక మూల కాయ కదల్లేదు. "ఇక్కడ ఆరు వందల అడుగుల దాకా జల లేదు" అని కాగితం మీద సంతకం పెట్టాను. నాలుగొందల అడుగులు వేస్తే రాతి దుమ్ము తప్ప చుక్క పడలేదు. నీళ్ళు పడనందుకు నేను సంబరపడ్డ బోరు అదొక్కటే.

తర్వాత ట్యాంకర్లు తిరగడం మొదలైంది. ఫ్యాక్టరీలో మిగిలిన మురుగంతా ఆ బోరు గుంటలోకి దించుతున్నారని వాసన బట్టే తెలిసింది. నోరు మెదపలేదు. భయపడి కాదు. నా మాట మీద నాకున్న నమ్మకం అలాంటిది. జల లేదని నేనే చెప్పాను కదా, పోసింది మూత పెట్టిన కుండలో ఉన్నట్టు అక్కడే పడుంటుంది అనుకున్నాను.

ఈ నెల 24న మా బడిలో ఈ నీళ్ళ మీద అధికారుల విచారణ. ఫ్యాక్టరీ వాళ్ళు చూపించబోయేది నా కాగితమే. ఏం చెయ్యమంటావు?

నీ
జీవరత్నం


మా కాలనీ
జూన్ 20

ప్రేమానందం,

నీ జవాబు అందింది. మూడే మాటలు రాశావు: వెళ్ళి తెలియదని చెప్పు. పంతులు ఉద్యోగం చేసినవాడికి తెలియదనడం తేలికేమో. నా బతుకంతా తెలుసనడం మీదే నిలబడింది.

మొన్న భూగర్భ జలాల ఇంజనీరు వచ్చింది, అక్షయ అని, మన పిల్లల వయసు. కుళాయి దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టుకుంటుంటే వెళ్ళి, "ఆ ఎగువ బోరు ఎండుబోరమ్మా, దానికీ దీనికీ సంబంధం ఉండదు" అన్నాను. ఆ అమ్మాయి నింపాదిగా అడిగింది.

"తాతగారూ, రోజుకు ఎన్ని ట్యాంకర్లు పోసేవాళ్ళు?"

"రెండు మూడు."

"ఆరేళ్ళు పోసినా ఆ గుంట ఒక్కసారైనా పొంగిందాండీ?"

పొంగలేదురా. ఆరేళ్ళలో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. మన నేల అడుగున సున్నపురాయి ఉందట, అందులో బీటలున్నాయట. పైన పోస్తే మట్టి కొంతైనా వడకట్టేది, బోరులో పోసింది మట్టిని దాటి తిన్నగా బీటల్లోకి దిగి పల్లానికి వస్తుందట. ఎగువ బోరులో రంగు కలిపి, అది మా కుళాయిలోకి వస్తుందేమో చూస్తే తేలిపోతుంది. కానీ మీ ఊరి పెద్దాయనే జల లేదని రాసిచ్చాడుగా, రంగెందుకు అని పైవాళ్ళు అనుమతి ఇవ్వడం లేదట.

అంటే నా కాగితం అబద్ధమని నేను చెబితేనే రంగు కలుపుతారు. చెబితే పుష్పవతి వింటుంది. ఎరుగుదువుగా, బుల్లిబాబు భార్య. ఒకే వేసవిలో వాళ్ళ మెట్టచేలో మూడు పాయింట్లు పెట్టాను, మూడూ ఎండుబోర్లే. రెండెకరాలు అమ్ముకుని, పురుగుల మందు తాగి పోయాడు. అది తలరాత అనుకుని ఆమె ఇన్నాళ్ళూ నన్నొక్క మాట అనలేదు. ఆ ఓర్పు మీద నేను తల ఎత్తుకు తిరిగాను.

మోజెస్ అయితే, "నోరు మూసుక్కూర్చో నాన్నా, పరువు పోయిద్ది" అంటున్నాడు. నాలుగు రోజులుంది. నాకు అన్నం సయించడం లేదు.

జీవరత్నం


మా కాలనీ, చర్చి పక్కన
ఆగస్టు 14

ఒరే ప్రేమానందం,

చెప్పేశాను. కలెక్టరాఫీసు వాళ్ళ ముందు, కాలనీ అంతా వింటుండగా చెప్పాను. "భూమిలో ఏముందో నాకు తెలియదండి. కాయను లేపింది నా చెయ్యే, దేవుడు కాదు. ఆ సంతకం అబద్ధం." ఫ్యాక్టరీ లాయరు, "అయితే నలభై ఏళ్ళూ జనాన్ని మోసం చేశావా?" అన్నాడు. అవునన్నాను. పుష్పవతి లేచింది.

"మూడో బోరప్పుడు కూడా తెలీదా నీకు?"

"తెలీదమ్మా."

చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

రంగు కలిపారు. పన్నెండో రోజున గ్రేసీ బిందె పెడితే ఆ రంగు కలిసిన ఆకుపచ్చ నీళ్ళు పడ్డాయి. ఎగువ బోరుకు సీలు వేశారు. జనం చప్పట్లు కొడుతుంటే అక్షయ చేత్తో ఆపింది. "పొయ్యడం ఆగింది అంతే. బీటల్లోకి దిగింది ఇంకా వస్తూనే ఉంటుంది. ఎన్నేళ్ళో చెప్పలేం. ఈ చుట్టుపక్కల కొత్త బోరు వెయ్యకండి, ట్యాంకరు నీళ్ళే తాగండి" అంది. ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తుంది, ఇంటికి నాలుగు బిందెలు. అంతటితో నా కథ అయిపోయిందనే అనుకున్నాను.

గ్రేసీకి మళ్ళీ నెల తప్పింది. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక కాలనీ పెద్దలందరినీ వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. చందాలేసుకుని కొత్త బోరు వేస్తారట, పాయింట్ నేనే పెట్టాలట.

"ఆ రోజు బడిలో అందరి ముందూ చెప్పానుగా తల్లీ, నాకు తెలియదని."

"అది ఫ్యాక్టరీ మీద గెలవడానికి చెప్పావు గానీ, నీ చెయ్యి మాకు తెలవదా మావయ్యా?"

నలభై ఏళ్ళ అబద్ధాన్ని గుటుక్కున మింగారు, ఒక్క నిజం ఎవరికీ గొంతు దిగలేదు. కాళ్ళు పట్టుకోనా అన్నాను. గ్రేసీ ముఖం మాడ్చుకుంది. "పుష్పవతికి మూడు చూపించావు, నీ మనవడి కోసం ఒక్కటి చూపించవా?" అంది. ఆ మాట నుంచి ఇంకా కోలుకోలేదు.

నేను కాదంటే నవీన్‌బాబును పిలిచారు. నా దగ్గర ఈ పని నేర్చుకున్నవాడే, నలభై దాటినవాడు. పాత బోరుకు ఇరవై అడుగుల దూరంలో సున్నంతో గుర్తు వేసి రెండు వందల అడుగులకే తియ్యటి జల అన్నాడు. అదే రాయి, అవే బీటలు. అరిచాను. రెక్క పట్టుకుని అవతలికి తీసుకుపోయారు. రేపు పొద్దున బోరు బండి వస్తుంది.

అందుకని ఉదయం నుంచీ ఆ సున్నం గుర్తు మీదే తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం ఇక్కడే రాస్తున్నాను, సాయంత్రం బస్సు డ్రైవరు చేత పంపుతాను. అందగానే అక్షయను వెంటబెట్టుకుని రా. మోజెస్ ఇటు తొంగి చూడలేదు. మధ్యాహ్నం గ్రేసీ వచ్చి అన్నం పళ్ళెం పక్కన పెట్టింది. మెల్లగా, ఎవరూ వినకుండా, దొంగను పట్టుకున్నట్టు నవ్వుతూ అడిగింది.

"మంచి నీళ్ళు ఇక్కడే ఉన్నాయని తెలిసే కూర్చున్నావు కదూ మావయ్యా?"

నీ
జీవరత్నం