మందుల డబ్బా లెక్క

ఫిబ్రవరి 11, బుధవారం.
బట్టలు రెండు బకెట్లు. దుప్పట్లు మూడు. వంటగది అలమర తుడవడం అయింది. కుళాయి బాగుచేసే అతను ఇవాళా రాలేదు. నీ గది ఊడ్చాను, బల్ల జోలికి పోలేదు.

పిట్టా,

ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమమని రాయడం అలవాటు. ఈసారి పర్వాలేదని రాస్తున్నాను, నిజం అదే కాబట్టి. నీ ఉత్తరం సోమవారం అందింది. నువ్వడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. చివరిదానికే రెండు రోజులు పట్టింది.

కత్తులూ కత్తెర్లూ ఇంకా తాళంలోనే ఉన్నాయి. ఇంకొన్నాళ్లు అలాగే ఉండనివ్వమని డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పారు కదా, ఇందులో దాపరికమేం లేదు. మీ నాన్న మాత్రం రోజూ పొద్దున్నే వంటగది గుమ్మంలో నిలబడి, “అమ్మగారూ, గడ్డం గీసుకోడానికి దరఖాస్తు పెట్టుకున్నాను, సంతకం పెడతారా?” అంటారు. బీన్స్ చేత్తోనే తుంచి వండుతున్నాను. “మేకలకి వేసినట్టుందే” అంటూనే రెండోసారి వడ్డించుకుంటారు.

నీ పొడుగుచేతుల చొక్కాలు పారేయలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టాను. వేసుకోవడం, మానడం నీ ఇష్టం. అక్కడ పిన్ని వాళ్లింట్లో ఉంటూ, ఆవిడ మొక్కల దుకాణానికి పొట్టిచేతుల చొక్కాతో వెళ్లావని రాశావు. ఎవరో పెద్దావిడ నీ చెయ్యి చూసి “పిల్లి రక్కిందా అమ్మాయ్?” అంటే, “కాదండీ, మానుతున్నాయిలెండి” అని ఆవిడ కొన్న మొక్క చేతికిచ్చావట. ఆ ముక్క మీ నాన్నకి చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అలాగే కూర్చుండిపోయారు.

ఇక ఆ చివరి ప్రశ్న. “అమ్మా, నీకు అసలు ఎప్పుడు తెలిసింది?” నిజం చెబితేనే ఆదివారం ఇంటికొస్తానన్నావు.

నవంబరులో ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇదే అడిగితే “ఇవాళే” అన్నాను. నాన్నకీ, పిన్నికీ అదే చెప్పాను. అది అబద్ధం.

నా పుస్తకం సంగతి నీకు తెలుసుగా. సబ్బులెన్ని, అగ్గిపెట్టెలెన్ని, ప్రతి శనివారం ఇంట్లో సరుకంతా చూసి రాసుకుంటాను. మందుల డబ్బాలో ప్లాస్టర్ల పెట్టె ఒక్కటి ఏడాదంతా వచ్చేది. జూన్‌లో చూస్తే ఖాళీ. కొత్తది పెట్టాను. ఆగస్టులో మళ్లీ ఖాళీ, దూది కూడా లేదు. సెప్టెంబరులో మళ్లీ. మూడుసార్లూ నా చేతిరాతలోనే ఉంది: నిండుకుంది, తెచ్చాను. ఎందుకు నిండుకుందో ఒక్కసారీ రాయలేదు. నీ చొక్కా చేతులు చన్నీళ్లలో నానబెట్టి ఉతికింది కూడా నేనే.

సెప్టెంబరులో ఒకరోజు ఖాళీ పెట్టె పట్టుకుని నీ గది దాకా వచ్చాను. “ఏంటమ్మా?” అన్నావు. పెట్టె వెనక్కి దాచుకుని, “ఉతికే బట్టలేమైనా ఉన్నాయా?” అన్నాను. లేవన్నావు. వెళ్లిపోయాను.

అడిగితే చెప్పేస్తావేమోనని భయం. చెబితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. డబ్బా నిండుగా ఉంటే ఇల్లు సవ్యంగా ఉన్నట్టే అనుకున్నాను. ఆ తర్వాత రెండు నెలలు నువ్వొక్కదానివే మోశావు.

నిన్న మీ నాన్నకి ఇదంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. “నాకూ అనుమానం వచ్చిందే. నువ్వు చూసుకుంటావులే అనుకున్నా” అన్నారు. రేపు డాక్టరమ్మకి కూడా చెబుతాను.

క్షమించమని అడగను. అడిగితే నన్ను ఓదార్చే పని నీ మీద పడుతుంది, నీకిప్పుడు ఆ బరువొద్దు. ఇది చదివాక ఆదివారం రావాలనిపిస్తే రా. ఇంకో వారం ఆగాలనిపిస్తే ఆగు. ఎప్పుడొచ్చినా ఎలా ఉందని నేను అడుగుతాను. చెప్పాలని లేకపోతే “ఇవాళ వద్దమ్మా” అను, చాలు. మర్నాడు మళ్లీ అడుగుతాను. బాగా అలసిపోయాను పిట్టా, కానీ అడగలేనంత కాదు.

ఇట్లు,
నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిన
అమ్మ

పుస్తకంలో ఇవాళ్టి ఆఖరి పద్దు కూడా రాసి పంపుతున్నాను: పిట్టకి చెప్పాల్సిన నిజం, ఒకటి. జూన్ నుంచి బాకీ. ఇవాళ్టితో చెల్లు.