రేవుకి సంతకం పెట్టొద్దక్కా

అక్కకి తాతారావు దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. బావకి నడుం నొప్పి తగ్గిందా? అమ్మ రెండు పూటలా తింటోందా? నా గురించి బెంగ పెట్టుకోకండి, జ్వరం గిరం ఏమీ లేదు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి ఊఁ అని పెట్టేశాను. ఎదురుగా మా మేనేజరున్నాడు. మన ఉప్పుటేటి రేవులో కంపెనీవాళ్ళు టూరిస్టులకి టెంట్లు వేసి పడవలు తిప్పుతారని, ఊళ్ళో కుర్రాళ్ళకి ఉద్యోగాలిస్తారని, రేవు దారి వదిలేస్తున్నట్టు ఇంటికో సంతకం కావాలంటున్నారని చెప్పావు కదా. సంతకం పెట్టే ముందు ఇది చదువు.

ఈ రిజర్వాయరు దగ్గర టూరిస్టు క్యాంపులో నా పనీ అదే. తెడ్డు ఎటు పట్టుకోవాలో తెలియనివాళ్ళకి లైఫ్ జాకెట్టు తొడిగి ప్లాస్టిక్ పడవ ఎక్కిస్తాను. టికెట్టు కొన్నవాళ్ళు గాలం వేసి చేపని పట్టి, ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. నువ్వు చూస్తే తిట్టిపోస్తావు. తిండి బాగానే పెడతారు గానీ సముద్రపు చేప కంటికి కనబడదు. ఎండ మాడ్చేస్తోంది. మనలా మాట్లాడే మనిషి లేక ఒకటే దిగులుగా ఉండేది.

అలాంటప్పుడు లచ్చయ్య తాత దొరికాడు. మన భావనపాడు వైపువాడే. ఎప్పుడో వలస వచ్చి ఈ ఒడ్డునే గుడిసె వేసుకుని చేపలు పట్టుకుంటున్నాడు. క్యాంపు కంచె పడ్డాక నీళ్ళలో వల వెయ్యకూడదన్నారు. ఒకరోజు పొద్దున్నే చూస్తే కంచె లోపల వల లాగుతున్నాడు. వెళ్ళగొట్టాల్సినవాణ్ణి, ముసలాయన ఆయాసం చూసి అలవాటుగా తాడు మీద చెయ్యి వేశాను. లాగడం అయ్యాక రెండు చేపలు నా చేతిలో పెట్టాడు. వద్దు తాతా అన్నాను.

"ఏటి వద్దు? తాడు మీద సెయ్యేసినోడికి వాటా ఇవ్వాల. ఆ మాత్రం తెలీదేటిరా, ఏ ఊరోడివి?" అని కసిరాడు. ఆ పూట కడుపు నిండా తిన్నాను అక్కా.

గెస్టు ఎవరో అదంతా వీడియో తీశాడు, అది మేనేజరు దాకా వెళ్ళింది. అందులో నా మొహం ఉంది, తాతది వీపే కనబడుతోంది. వాడెవడో చెబితే నువ్వుంటావు, లేకపోతే నువ్వు పో అన్నాడు మేనేజరు. చెప్పాను. గుడిసె దాకా వెళ్ళి చూపించాను కూడా. వల పట్టుకుపోయారు, గుడిసె పీకేశారు. 

"పోన్లేరా, నీకూ పిల్లలున్నారు కదేటి" అన్నాడు తాత.

తిట్టినా బాగుండేది.

నా ఉద్యోగం ఉంది. మన కుర్రాళ్ళకి ఇస్తామంటున్నదీ ఇదే ఉద్యోగం. రేపు నువ్వు గంప పట్టుకుని రేవుకి వెళితే, నిన్ను ఆపేది పరాయివాడు కాదు, మన వీధివాడే. నాలాంటివాడే. బావ కోప్పడినా సరే, సంతకం పెట్టొద్దు.

ఈ సంగతి మా ఆవిడకి చెప్పకు. పిల్లలకి నా ముద్దులు. అమ్మకి, బావకి, వీధిలో పెద్దలందరికీ దండాలు చెప్పు. ఉత్తరం చివర దీవించమని రాయాలి. ఈసారి అలా అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.

నీ తమ్ముడు
తాతారావు