మట్టి పూసిన నేరం

పెద్దగోడ గ్రామం,
జనగామ తాలూకా, వరంగల్ జిల్లా.
మే, 1983.

పురాతన కట్టడాల సంరక్షణాధికారి శ్రీ నిరంజన్ రావు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరి కోటగోడకు మట్టి పూసినందుకు తండావాసి భీమ్లాపై తమరు పెట్టించిన కేసు వాపసు తీసుకొనుట గురించి.

పై గ్రామ కాపురస్తుడను, వ్యవసాయదారుడను, మాజీ సర్పంచును అయిన గూడూరి వెంకట్రాం రెడ్డి అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు గోడ కాకతీయుల కాలపుదని తమ బోర్డు చెప్పుచున్నది. ఇంకా ముందుదని మా పెద్దలు చెప్పేవారు. ఊరి చుట్టూ రాతి వరుస, దానిపైన మట్టికట్ట. దండు వచ్చినా, దోపిడీగాళ్లు వచ్చినా ఊరంతా గొడ్డూగోదతో సహా దాని లోపలికి చేరేదట. రజాకార్ల నాడు మా నాయిన కూడా దర్వాజకు బండ్లు అడ్డం పెట్టి కాపలా కాసినాడు. మట్టిగోడ ఇన్ని వందల వానలకు ఎట్లా నిలిచినది? ఏటా తొలకరికి ముందే, మిరుగం కార్తె లోపల ఊరివారు చెరువుమట్టిలో వరిగడ్డి కలిపి తొక్కి, ఎవరి వంతు వారు పూసినందున నిలిచినది. గోడలో వంతు ఉన్నవాడే ఊరివాడని మా వాడుక. భీమ్లా తాత ఇక్కడ తండా వేసుకున్న కొత్తలో ఉత్తరపు బురుజు వంతు అతనికిచ్చినారు. ఆనాటి నుండి తండా మా ఊరిదే.

2. అయిదేండ్ల కింద తమ ఆఫీసువారు నీలం బోర్డు పాతినారు. ముట్టినవానికి జైలు, జుర్మానా. "ఇగ సర్కారే చూసుకుంటది, మీరు ముట్టకుండ్రి" అని తమరు చావడిలో చెప్పగా, ఊరు నమ్మినది. "సర్కారు వచ్చి మట్టి తొక్కుతదా, పటేలా?" అని ముసలి పోచమ్మ నవ్వితే నేనే కసురుకున్నాను. సర్కారు వచ్చి బోర్డుకు రంగు వేసి పోయినది. గోడకు మట్టిముద్ద పడలేదు. పోయిన వానాకాలం ఉత్తరపు బురుజు పక్క జారి, భీమ్లా మేకల కొట్టం మీద పడ్డది.

3. చూడవచ్చువారి సంగతి. ఆదివారాలు పట్నం నుండి జీపులలో వచ్చుచున్నారు. గోడ మీదనే నిలబడి "గోడ ఎక్కడుంది?" అని అడుగుచున్నారు. నేనే తుమ్మకంప జరుపుకుంటూ ముందు నడిచి చూపించుచున్నాను. వారు దర్వాజ రాళ్ల మీద తమ పేర్లు చెక్కి పోవుచున్నారు. వారిలో ఒక్కరిపైనా కేసు లేదు.

4. ఉగాది వెళ్లినాక తమరే వచ్చినారు. మా ఇంట్లో జొన్నరొట్టె, చింతకాయ తొక్కు తిన్నారు. కూలిన చోట నిలబడి, భీమ్లా భుజం మీద చెయ్యి వేసి, నా ఎదుటనే అన్నారు: "మిరుగం లోపల పూసుకో భీమ్లా. కాయితం రావాల్నంటే ఏండ్లు పడ్తది. ఎవలన్న అడిగితే నేనున్న." భీమ్లా, అతని భార్య గంగి మట్టి తొక్కి పూయసాగినారు. పని సగంలో ఉండగా హైదరాబాదు నుండి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చి, ఈ పచ్చిమట్టి ఎవరిదని అడిగినాడు. తమరు పక్కనే ఉన్నారు. "నాకేమీ తెలియదండీ" అన్నారు. మన యాస కూడా మార్చి అన్నారు. ఆ సాయంత్రమే, పురాతన గోడను పాడు చేసినాడని తమ దస్తఖత్తుతో ఫిర్యాదు పోయినది. కాళ్ల మట్టి కడుక్కోనియ్యకుండా భీమ్లాను తీసుకపోయినారు.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకొనవలెను? అర్జీలో ఇట్లా రాయరాదని ఎరుగుదును. కానీ అయ్యా, నాకు కడుపు మండుతున్నది.

5. భీమ్లా ప్రస్తుతం జామీను మీద ఉన్నాడు. సోమవారం జనగామ కోర్టులో పేషీ. అనుమతి ఎవరిచ్చినారో చెబితే బయటపడతాడని, లేకుంటే జైలు తప్పదని వకీలు అంటున్నాడు. మిరుగం దగ్గర పడ్డది. పూయని సగం ఈ వానకు ఆగదు.

కావున, అనుమతి తామే ఇచ్చినట్లు కోర్టుకు ఒక్క ముక్క రాసి, భీమ్లాను విడిపించి, మిగిలిన వంతు పూసుకొననివ్వవలసినదిగా ప్రార్థన. చిత్తగించవలెను. ఈసారి నిజంగా చిత్తగించవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
గూడూరి వెంకట్రాం రెడ్డి

తా.క.: నిరంజన్, తమరు తమరు అని రాసుడు ఇగ నాతోని కాదు. అరవై తొమ్మిదిల మనం హన్మకొండ కాలేజీల చదువుతున్నప్పుడు, తెలంగాణ ఉద్యమంల నీ మీద వారెంటు వస్తే నువ్వు మా ఊరికొచ్చి దాసుకున్నది ఆ బురుజు లోపలనే. నిన్ను చూపించుమని పోలీసులు భీమ్లాను చావడి ముంగట కొట్టిండ్రు. ఆయనకు ఎడమ చెవు ఇప్పటికీ వినరాదు. అయినా నోరు తెరవలే.

నిన్న వకీలు దగ్గర నేను బతిమాలిన. "చెయ్యమన్నది నిరంజన్ సారే అని చెప్పు భీమ్లా, బయటవడ్తవ్" అన్న. ఆయన నన్నే తప్పు చేసినోన్ని చూసినట్టు చూసిండు.

"గప్పుడు కొడితేనే చెప్పలే పటేలా. గిప్పుడు ఊకెనే చెప్తనా?" అన్నడు.

ఆయన చెప్పడు. నువ్వన్న చెప్పు.